చేసి చూద్దాం: కొబ్బరి చిప్పల్లో తీగ లేని పాట

పిల్లలూ!

పోయిన నెల మనం ఇనుప మేకుకు రాగితీగ చుట్టి, దాని కొసలను సెల్లుకు తగిలించి, గుండుసూదులను ఎత్తి చూశాం. తీగలో కరెంటు పారినంతసేపూ మేకు అయస్కాంతమవుతుంది. తీగ తీసేస్తే సూదులు జలజల రాలిపోతాయి. ఆ ఆట ఈ నెల మనకు అక్కరకు వస్తుంది. ఇప్పుడు మనం చదువుకునే బల్లమీద పెట్టుకోదగిన ఒక జత స్పీకర్లు తయారు చేస్తాం. వీటికీ ఫోనుకూ నడుమ తీగ ఉండదు. గోడకు ప్లగ్గు కూడా ఉండదు. టార్చిలైటులో వేసే మూడు సెల్లులతో పలుకుతాయి. పెట్టెలకు బదులు కొబ్బరికాయలు వాడుకుంటాం. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు కొబ్బరికాయల కరువేమిటి?

“ఇవి బజారులో దొరుకుతాయి గదా, మేమే ఎందుకు చేసుకోవాలి?” అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. బజారులో కొన్నదానికి మూత విప్పటానికి వీలుండదు. మూగబోయిన రోజున దాన్ని పారేయటం తప్ప మరో దారి కనిపించదు. మీరు చేసిన దానిలో ఏ తీగ ఎక్కడికి పోతున్నదో మీకు తెలుసు. కాబట్టి రోగమూ మీరే కనిపెట్టగలరు, మందూ మీరే వేయగలరు.

ఇంకొక కారణం మన ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, ఈ రెండు తుఫానులూ మన తీరం మీదనే విరుచుకుపడ్డాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలూ జీడిమామిడి తోటలూ నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయి చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటప్పుడు సెల్లులతో నడిచే వస్తువు ఇంట్లో ఉండటమూ, దాన్ని బాగుచేయగల పిల్లవాడో పిల్లో ఉండటమూ ఎంత మేలో ఆలోచించండి.

స్పీకరు ఎట్లా పలుకుతుంది?

పాడైపోయిన రేడియో నుంచి తీసిన స్పీకరు ఒకటి సంపాదించి చూడండి. వెనుక గుండ్రని అయస్కాంతం ఉంటుంది. ముందు కాగితపు గరాటు ఉంటుంది. గరాటు అడుగున సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. ఆ చుట్ట అయస్కాంతం సందులో దేన్నీ తాకకుండా నిలబడి ఉంటుంది. చుట్టలో కరెంటు పారితే అది మన మేకులాగే అయస్కాంతమవుతుంది. కరెంటు ఒక దిక్కున పారితే ముందుకు తోసుకుంటుంది, రెండవ దిక్కున పారితే వెనక్కు లాగబడుతుంది. దానితోపాటు కాగితమూ కదులుతుంది. కాగితం గాలిని తడుతుంది. ఆ గాలి మన చెవిలోని పొరను తడుతుంది. శబ్దమంటే అంతే! ఇటువంటి స్పీకరును అమెరికాలో ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో లోకానికి చూపించారు. ఈనాటి స్పీకర్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతివే.

మన ఊళ్ళలో తప్పెటగుళ్ళ కళాకారులను చూచారు గదా! రొమ్మున కట్టుకున్న తప్పెటను చేతులతో వాయిస్తారు. అక్కడ పొరను చెయ్యి కదుపుతుంది, ఇక్కడ కరెంటు కదుపుతుంది. గాలికి మాత్రం తేడా తెలియదు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకటిన్నర వోల్టు సెల్లు నుంచి రెండు తీగలు తీసి స్పీకరు కొసలకు ఒక్క క్షణం తాకించండి. “టక్” మంటుంది. కాగితం ముందుకు ఉబికిందా, వెనక్కు పోయిందా గమనించండి. ముందుకు ఉబికితే, సెల్లు మొన తగిలిన కొసకు ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. అదే ఆ స్పీకరుకు ప్లస్ కొస. వెనక్కు పోతే రెండవది ప్లస్ కొస. తీగలను ఎక్కువసేపు తాకించి ఉంచకండి, చుట్ట వేడెక్కుతుంది.

చిప్ప ఎందుకు?

ఇప్పుడు రెండవ ప్రయోగం. పాట వస్తున్న స్పీకరును ఊరికే చేత్తో పట్టుకుని వినండి. శబ్దం కీచుగా, పేలవంగా ఉంటుంది. ఒక పెద్ద అట్టకు స్పీకరు ముఖమంత కంత కోసి, స్పీకరును దానికి ఆనించి వినండి. వెంటనే గొంతు నిండుగా వస్తుంది. మద్దెల మోత కూడా వినిపిస్తుంది.

ఇట్లా ఎందుచేత? కాగితం ముందుకు వచ్చినప్పుడు ముందరి గాలి నొక్కుకుంటుంది, సరిగ్గా అప్పుడే వెనుక గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే ముందరి గాలి అంచు మీదుగా వెనక్కు జారి ఆ వెలితిని పూడ్చేస్తుంది. లాభమూ నష్టమూ చెల్లుకు చెల్లు! లావు గొంతులు నెమ్మదైన కదలికలు గనుక గాలికి జారటానికి తీరిక దొరుకుతుంది. కాబట్టి ముందుగా అవే మాయమవుతాయి. అట్ట అడ్డుపెట్టినప్పుడు గాలి చుట్టూ తిరిగి రావాలి. స్పీకరు వెనుక భాగాన్ని పూర్తిగా మూసివేస్తే అసలు రానే లేదు. పెట్టె చేసే పని ఇదే.

బొబ్బిలి వీణ పేరు మీరు వినే ఉంటారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో దాన్ని ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. వీణ తీగ ఒక్కటే అయితే చాలా సన్నగా పలుకుతుంది. ఆ కదలిక కుండలోని పలుచని చెక్కకూ గాలికీ చేరి నిండైన నాదమవుతుంది. కాబట్టి వీణకు చెక్క కూడా పాడాలి. స్పీకరు పెట్టె సంగతి దీనికి తలకిందులు. వీణ వాదనలో పనస చెక్క గొంతు ముందే కలిసి ఉన్నది గదా! మన పెట్టె కూడా తన గొంతు కలిపితే పాట చెడుతుంది. స్పీకరు పెట్టె నోరు మూసుకుని కూర్చోవాలి. గట్టిగా, గుండ్రంగా ఉండి తేలికగా అదరని కొబ్బరి చిప్ప చిన్న స్పీకరుకు చక్కగా అమరుతుంది.

గాలిలో పాట ఎట్లా వస్తుంది?

1895లో కలకత్తాలో జగదీశ చంద్రబోసు ఒక చోట పుట్టించిన విద్యుత్తరంగాలను గోడల అవతలికి పంపి, అక్కడ గంట మోగించి చూపాడు. నడుమ తీగ లేదు. మన ఫోను చేసే పనికి తాతముత్తాతలలో అదొకటి. ఫోను పాటను సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, కుదించి, తరంగాల మీద ఎక్కించి పంపుతుంది. ఈ పద్ధతి పేరు బ్లూటూత్. పదవ శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ అనే రాజుకు ఉన్న మారుపేరును దీనికి పెట్టారు.

ఈ తరంగాలు సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగుతాయి. తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. 30 ని 240 తో భాగించండి. ఒక్కొక్క తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు! అంటే మీ జానెడు కంటే కొంచెం తక్కువ. ఇరుగుపొరుగు ఫోనులతో తగాదా రాకుండా ఇవి 79 దారుల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంటాయి. తొక్కుడుబిళ్ళలో గడులు మారినట్లన్నమాట! ఏ గెంతు తరువాత ఏ గడిలోకో మీ ఫోనుకూ మీ స్పీకరుకూ మాత్రమే తెలుసు. మధ్యలో గోడలు లేకపోతే సుమారు 10 మీటర్ల వరకు పాట తెగకుండా వస్తుంది.

కావలసిన వస్తువులు

రెండు అంగుళాల స్పీకర్లు 2 (ఒక్కొక్కటి 4 ఓములు, 3 వాట్లు). ఎండు కొబ్బరికాయలు 2. బ్లూటూత్ ఆడియో బోర్డు 1 (3.3 నుంచి 5 వోల్టులకు పనిచేసే రకం అడగండి). పి.ఎ.ఎమ్. 8403 అనే చిన్న ఆంప్లిఫయరు బోర్డు 1. పెద్ద టార్చి సెల్లులు 3, వాటికి తగిన గూడు. స్విచ్చి 1. 470 మైక్రోఫారడుల, 10 వోల్టుల కెపాసిటరు 1. రంగురంగుల తీగలు, జిగురు, దూది, పలుచని బట్ట. సరంజామా పెట్టటానికి అట్టపెట్టెగాని చెక్కపెట్టెగాని ఒకటి. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే దుకాణాలలో ఇవన్నీ దొరుకుతాయి. స్పీకర్లు మాత్రం పాతవి పనికివస్తాయేమో ముందు ఇంట్లో వెతకండి.

చేసే విధానం

1. కాయ మొన వైపున, స్పీకరు అంచు ఆనేటంత జాగా మిగిల్చి, గుండ్రంగా గీత గీయండి. దాని వెంట చిన్న రంపంతో కోయించండి. ఈ పని పెద్దవాళ్ళది. మీరు గీత గీయటం వరకే. కొబ్బరిని తీసి వంటింట్లో ఇవ్వండి, ఒక్క ముక్క పారేయవద్దు. కొబ్బరి మొక్క కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుందని ఉద్దానం రైతునడిగితే చెబుతాడు. చిప్పను నాలుగైదు రోజులు ఎండబెట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

2. చిప్పలో నీళ్ళు నిండా పోసి, కొలపాత్రలోకి వంచి కొలవండి. రెండు చిప్పలూ ఇంచుమించు సమానంగా పట్టాలి. లేకపోతే రెండు స్పీకర్ల గొంతులూ వేరుగా ఉంటాయి. కొలిచాక మళ్ళీ బాగా ఆరబెట్టండి.

3. చిప్ప వెనుక సన్నని రంధ్రం చేసి రెండు తీగలు లోపలికి తీసుకోండి. లోపల కొంచెం దూది వదులుగా పెట్టండి; అటూ ఇటూ కొట్టుకునే శబ్దాన్ని అది మింగేస్తుంది. తీగలను స్పీకరుకు అతికించి, అంచు చుట్టూ జిగురు రాసి, స్పీకరును మూతలాగా కూర్చోబెట్టండి. తీగ రంధ్రాన్ని కూడా జిగురుతో పూడ్చండి. గాలి ఎక్కడా తప్పించుకోకూడదు. ముఖానికి పొందూరు ఖద్దరు వంటి పలుచని బట్ట కప్పవచ్చు.

4. సెల్లులను ఒకదాని వెనుక ఒకటి పెట్టండి: ఒకటిన్నర మూళ్ళు నాలుగున్నర వోల్టులు. గూటి ప్లస్ తీగను ముందు స్విచ్చికి, అక్కడి నుంచి రెండు వేరు వేరు తీగలతో ఆంప్లిఫయరుకూ బ్లూటూత్ బోర్డుకూ ఇవ్వండి. మైనస్‌ను కూడా రెండు వేరు తీగలతో ఇవ్వండి. కెపాసిటరును ఆంప్లిఫయరు ప్లస్, మైనస్‌ల మధ్య తగిలించండి. దాని ఒంటిమీద గీత ఉన్న కాలు మైనస్‌కే పోవాలి.

5. బ్లూటూత్ బోర్డులో ఎడమ, కుడి, గ్రౌండు అని మూడు చోట్లు ఉంటాయి. వాటిని ఆంప్లిఫయరులో అవే పేర్లున్న చోట్లకు కలపండి.

6. ఆంప్లిఫయరు నుంచి ఒక్కొక్క స్పీకరుకు రెండేసి తీగలు. ఎర్రగుర్తు పెట్టిన కొస ప్లస్‌కు పోవాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. పొదుపు అనుకుని రెండు స్పీకర్ల మైనస్ తీగలను ఒకటిగా కలపకండి. సెల్లు మైనస్‌కు కూడా కలపకండి. ఈ ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొసలనూ తానే తోస్తుంది, లాగుతుంది. కలిపితే బోర్డు కాలిపోవచ్చు.

7. చిప్పలు దొర్లిపోకుండా చెరొక చిన్న చుట్టకుదురు మీద కూర్చోబెట్టండి. స్పీకరు ముఖం మీ చెవివైపు కొంచెం ఎత్తుగా చూడాలి.

సోల్డరింగు పని అమ్మగాని, నాన్నగాని, ఊళ్ళోని రేడియో మెకానిక్ గాని దగ్గర కూర్చుని చేయించాలి. ఆ ఇనుము మొన 300 డిగ్రీలకు పైగా కాగుతుంది. పని అయిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. సోల్డరులో సీసం ఉండవచ్చు.

సెల్లుల సంగతి పెద్దలకు

అయ్యా, అమ్మా! పాత లాప్‌టాప్‌లోనో ఫోనులోనో ఉన్న లిథియం సెల్లును పీకి వాడదామని పిల్లలకు తోచవచ్చు. వద్దని చెప్పండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి. లిథియం సెల్లు చిన్న ఒంట్లో చాలా శక్తి దాచుకుంటుంది. సాధారణ రకాన్ని 4.2 వోల్టులు దాటించి చార్జి చేసినా, కొసలు ఒకదానికొకటి తగిలినా, రేకు చితికినా అది వేడెక్కి మంటలంటుకోవచ్చు. దానికి కాపలా కాసే సర్క్యూటు ఉండాలి, దాన్ని సరిగా అమర్చటం తెలియాలి. టార్చి సెల్లుకు అంత కోపం లేదు. అయినా దాన్ని చార్జరుకు తగిలించకూడదు, నిప్పులో వేయకూడదు, కొత్తదాన్నీ పాతదాన్నీ కలిపి వేయకూడదు. 9 వోల్టుల సెల్లు వేస్తే మన ఆంప్లిఫయరు తట్టుకోలేదు.

ఎంతసేపు పలుకుతుంది? లెక్క వేయండి. మీ సెల్లు 4,000 మిల్లీ ఆంపియరు-గంటలదనుకుందాం. మామూలు గొంతుతో పెట్టె 200 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నదనుకుందాం. 4,000 ని 200 తో భాగిస్తే 20 గంటలు. గొంతు పెంచితే తాగుడు పెరుగుతుంది, గంటలు తగ్గుతాయి.

పెద్ద తరగతుల పిల్లలకు మరో లెక్క. 4.5 ని 4.5 తో గుణించి, 4 ఓములకు రెట్టింపైన 8 తో భాగించండి. సుమారు 2.5 వాట్లు వస్తాయి. ఒక్కొక్క స్పీకరుకు అందే శక్తి హెచ్చు హద్దు ఇంచుమించు అంతే. సెల్లులు అరిగి మొత్తం 3.3 వోల్టులకు దిగినప్పుడు అదే లెక్క చేయండి: సుమారు 1.4. వోల్టేజి కొంచెమే తగ్గినా శక్తి దాదాపు సగమైంది చూచారా!

రోగాలు, మందులు

పాట వస్తున్నది గాని మద్దెల మోత లేదు: ఒక స్పీకరు కొసలు తారుమారైనవి. ఒకటి ముందుకు వస్తుంటే రెండవది వెనక్కు పోతున్నది. ఒకదాని తీగలు మార్చండి. లేదా చిప్ప అంచున గాలి కారుతున్నది.

ఒక చిప్ప మూగబోయింది: రెండు స్పీకర్లను ఆంప్లిఫయరు దగ్గర తారుమారు చేసి చూడండి. మౌనం స్పీకరుతోపాటు అటు పోతే తప్పు స్పీకరుదిగాని దాని తీగదిగాని. మౌనం అక్కడే ఉంటే తప్పు బోర్డు వైపున ఉన్నది. ఏ యంత్రంలోనైనా రోగం పట్టుకునే సూత్రం ఇదే: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

పాట ఆగినప్పుడు గురగుర మంటున్నది: బ్లూటూత్ బోర్డు చేసే గందరగోళం కరెంటు తీగల గుండా ఆంప్లిఫయరులోకి వస్తున్నది. వేరు వేరు తీగలు పెట్టమన్నది ఇందుకే. తీగలను పొట్టిగా చేయండి, కెపాసిటరు అతుకు చూడండి.

గొంతు పెంచగానే ఆగిపోయి మళ్ళీ మొదలవుతున్నది: సెల్లులు అయిపోవచ్చినవి. “మీటరు పెట్టి చూస్తే వోల్టేజి బాగానే ఉన్నదే!” అంటారు. ముసలి ఎద్దు ఊరికే నిలబడితే బాగానే కనిపిస్తుంది. బండి కడితేగాని దాని బలం తెలియదు. స్పీకరు పలుకుతుండగా కొలవండి.

రెండు మంచిమాటలు

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల తెరిచినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు వారే. అప్పటికి నేను చెప్పిన స్పీకరు ఇంకా పుట్టనే లేదు. సభంతా నిశ్శబ్దంగా ఉండబట్టే ఒక్క గొంతు అంతమందికి వినిపించేది. శబ్దాన్ని పెంచటం తేలికైన ఈ రోజుల్లో తగ్గించటం మనం నేర్చుకోవాలి. మన దేశంలో 2000 నాటి నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మీ స్పీకర్లు మీ బల్ల దాటి పక్కింటి తాతగారి నిద్రలోకి పోకూడదు.

ఇక తుఫాను మాట. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మన చిప్పలు తమంతట తాము వార్తలు చెప్పలేవు. ఫోనులో చార్జి అయిపోయినా, టవరు పనిచేయకపోయినా వాటికి కొత్త కబురు రాదు. కొన్ని బ్లూటూత్ బోర్డులలో ఎఫ్.ఎం. రేడియో కూడా కలిసి ఉంటుంది. అది దొరికితే తీసుకుని, మీ ఊళ్ళో ఏ స్టేషను అందుతుందో మంచి రోజుల్లోనే వెతికి రాసిపెట్టుకోండి. అక్టోబరు రాకముందే కొత్త సెల్లులు మూడు, వాన తగలని డబ్బాలో దాచండి. వాడనప్పుడు సెల్లులు తీసి ఉంచండి. కారితే గూడు పాడవుతుంది.

ఆలోచించండి

1. పాట వస్తుండగా ఫోనును జంతికల స్టీలు డబ్బాలో పెట్టి గట్టిగా మూత పెట్టండి. తరువాత అట్టపెట్టెలో పెట్టి మూయండి. ఏమి తేడా కనిపించింది? ఎందుచేత?

2. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకు 100 సార్లు ఊగే మద్దెల మోతకు తరంగం పొడవు ఎంత? అది మీ గదిలో పట్టుతుందా?

3. రెండు చిప్పలను పక్కపక్కనే పెట్టి ఒకసారి, మూరెడు ఎడంగా పెట్టి ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. పాట ఎక్కడి నుంచి వస్తున్నట్లున్నది?

జవాబులు పుస్తకంలో వెతకకండి. చేసి, చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే నెల సరిచూసుకుందాం. అప్పుడు ఇదే స్పీకరును తలకిందులు చేసి, దానిలోకి మాట్లాడి, దాన్ని మైకుగా మారుద్దాం. అంతవరకు సెలవు!